నాలుగో వరుసలో సంతకం

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దాయన గారికి, అంటే ఈ షెడ్డు యజమానికి. వేదిక మీద (వేదికంటే మరేం లేదు, రోజూ బండ్లెక్కించే ర్యాంపుల మీద పలకలు పరిచాం) ఏదో నేరం చేసి పట్టుబడ్డ మనిషిలా ముడుచుకుని కూర్చున్న మా హెడ్ మేస్త్రి గారికి. ముందు వరసలో కూర్చుని, ఆయన చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టుకున్నారని ఇందాకటి నుంచీ సైగలు చేస్తున్న ఆయన శ్రీమతి, మా అందరికీ అక్కయ్య గారికి... మేస్త్రి గారూ, పైనుంచి రెండోదండీ. ఆఁ, అదే. (నవ్వులు) పెద్దలకూ, తోటి పనివాళ్లకూ, టీ ఎప్పుడిస్తారా అని గడియారం చూస్తున్న పక్క దుకాణాల మిత్రులకూ నమస్కారం.

ఈ షెడ్డులో కాలేజీ మెట్లెక్కినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి మాట్లాడే పని నాకు తగిలించారు. నాలుగేళ్ల కిందట నేను ఇంజనీరింగ్ పట్టా పట్టుకుని ఇక్కడికి వచ్చిన రోజున మేస్త్రి గారు చేతులు తుడుచుకుని, ఆ పట్టాను ఎంతో గౌరవంగా అందుకుని, మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదివి, "కాగితం మంచిదిరా, దళసరిగా ఉంది" అని తిరిగిచ్చి, ఆ ఖాళీ అయిన చేతిలోనే చీపురు పెట్టారు. ఆనాటి నుంచి నా పేరు పట్టభద్రుడు. నా అసలు పేరు మా అమ్మకు, హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు.

నన్ను నవ్వించమని నిలబెట్టారు, చేతనైనంత నవ్విస్తాను. కానీ ఈ సాయంత్రం నాకు ఇంకో పని కూడా ఉంది, అది ఐదు గంటల లోపల కావాలి. గోడ మీద ఇప్పుడు నాలుగూ ఇరవై అయింది. ఆ పనేమిటో ముందే చెప్పేస్తాను, దాచి దాచి ఉత్కంఠ పెంచే ఓపిక నాకు లేదు.

షెడ్డు వాళ్లకు తెలిసిందే గానీ బయటివాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడికి వచ్చే ప్రతి బండికీ ఒక జాబ్ కార్డు ఉంటుంది. బండిలో ఎన్ని లోపాలుంటే కార్డులో అన్ని వరుసలు. ఏ వరుస ఎవరు రాశారో, ఆ పని అయ్యాక దాని ఎదురుగా వాళ్లే సంతకం పెట్టాలి, ఇంకొకరు పెట్టకూడదు. చివర బండి గలవాళ్లు సంతకం పెడతారు. ఒక్క వరుస ఖాళీగా ఉన్నా బండి గేటు దాటదు. ఈ కట్టుబాటు పెట్టింది మేస్త్రి గారే. నలభై ఒక్క ఏళ్లలో ఆయన చేతి మీదుగా ఎన్ని బండ్లు వెళ్లాయో లెక్క లేదు గానీ, ఖాళీ వరుసతో వెళ్లింది మాత్రం ఒకే ఒక్కటి. ఆ కార్డు ఇదిగో, నా జేబులో ఉంది. ఇవాళ ఆయన పదవీ విరమణ, ఐదు కొట్టాక ఆయన ఈ షెడ్డు మనిషి కారు. ఆ తర్వాత ఈ కార్డు మీద సంతకం పెట్టే హక్కు ఎవరికీ ఉండదు.

అందుకే ఆయన సన్మానానికి ఒప్పుకోలేదు. "తెరిచి ఉన్న కార్డు పెట్టుకుని గేటు దాటేవాడికి సన్మానమేంట్రా?" అన్నారు. అక్కయ్య గారు కోప్పడితే వచ్చారు, అదీ ఒక షరతు మీద: కూర్చుంటారు, జ్ఞాపిక మాత్రం ముట్టుకోరు. అదుగో, బల్ల మీద ఇత్తడి పానా ఎదురుచూస్తోంది చూడండి. (విరామం)

ఇక అసలు సంగతికి వస్తాను. నేను చేరిన వారం రోజులకే ఒక విచిత్రం గమనించాను. మా మేస్త్రి గారి నోట "రేపు" అన్న మాట రాదు. నిన్న ఉంది, ఇవాళ ఉంది, ఎల్లుండి కూడా ఉంది, మధ్యలో ఒక రోజు లేదు. వ్యాను గలాయన వచ్చి "బండి ఎప్పుడిస్తారు మేస్త్రి గారూ?" అంటే, "ఎల్లుండికి ముందు రోజు" అంటారు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఇంట్లో కూడా ఇంతేనట. వంటింట్లో కుళాయి కారుతోంది, ఎప్పుడు బాగుచేస్తారని అక్కయ్య గారు అడిగితే ఆయన రేపనలేక, ఆ రాత్రికి రాత్రే బాగుచేసి పడుకునేవారట. "పోనీలే నాయనా, నాకు లాభమే కదా" అన్నారావిడ నాతో. నేను కాలేజీలో నేర్చుకున్న ఏకైక విద్య అనుకరణ కాబట్టి, మధ్యాహ్నం భోజనాల దగ్గర మేస్త్రి గారిలా కళ్లద్దాలు ముక్కు మీదికి దించి "ఎల్లుండికి ముందు రోజు" అని అందరినీ నవ్వించేవాణ్ని. ఆయన వెనకే నిలబడి విన్న రోజులు కూడా ఉన్నాయి. ఏమీ అనేవారు కాదు. ఆయన ఏమీ అనకపోవడం చూసి, నాకది మంచి హాస్యమనిపించేది. ఈ సభలో ముందుగా దానికి క్షమించమని అడుగుతున్నాను, మేస్త్రి గారూ.

చెయ్యి ఊపేస్తున్నారు. సరే.

రెండో విచిత్రం ఆ మూల గుడ్డ కింద ఉంది. పాత కారు. మా నాన్న కంటే వయసులో పెద్దది. ముందు బానెట్ చూస్తే, సంబంధం చూడటానికొచ్చిన పెద్దమనిషి పొట్టలా నిండుగా ఉంటుంది. నేను వచ్చే నాటికే అది పదిహేనేళ్ల నుంచి కదల్లేదు. మేస్త్రి గారికి ఇంకో అలవాటుంది: షెడ్డులో వారం దాటి నిలబడ్డ ఏ బండి ఇంజన్‌నైనా ప్రతి సోమవారం కాసేపు తిప్పాల్సిందే, లేకపోతే లోపల పట్టేస్తుందంటారు. అన్ని బండ్ల దగ్గరికీ వెళ్లేవారు, ఆ మూలకు మాత్రం వెళ్లేవారు కాదు. మరి నా బుర్రకు ఏం తోచిందంటే, అది ఆయనకు ప్రాణమైన కారనీ, బాగుచేసే తీరిక దొరక్క అలా వదిలేశారనీ. కాబట్టి పదవీ విరమణ రోజున ఆ కారును స్టార్ట్ చేసి ఆయన ముందు నిలబెడితే ఇంతకు మించిన కానుక ఉండదనీ. నేను, పెయింటరన్న, ఎలక్ట్రీషియన్ అక్క ముగ్గురం చేతిలో చెయ్యి వేసుకున్నాం. ఆలోచన నాది. తప్పూ నాదే.

పదవీ విరమణ ఇంకా రెండు నెలలుందనగా, మేస్త్రి గారు లేని ఒక మధ్యాహ్నం, హ్యాండిల్ దూర్చి తిప్పాం. కదల్లేదు. పానాకు ఇంత పొడుగు పైపు తొడిగి, పెయింటరన్న దాని మీద ఎక్కి కూర్చున్నాడు. పెయింటరన్న ఎంత బరువుంటాడో మీ కళ్ల ముందే ఉంది. (నవ్వులు) అయినా కదల్లేదు. అప్పుడు నా పట్టా పనిచేసింది. గేరులో వేసి జీపుకు తాడు కట్టి లాగితే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయన్నాను. లాగాం. చక్రాలు తిరగలేదు సరికదా, గచ్చు మీద రెండు నల్లటి చారలు గీసుకుంటూ, గొంతు పట్టుకున్నట్టు కీచుమంటూ కారు ఈడ్చుకొచ్చింది. అది ఆ వెనక గేటు దాకా వినపడి ఉంటుంది. తల తిప్పి చూస్తే గేటులో మేస్త్రి గారు.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. నేల మీది చారల వెంబడే నడుచుకుంటూ వచ్చి, కారు దగ్గర ఆగి, బానెట్ మీద అరచెయ్యి ఆనించారు. తర్వాత నాతో, "నిద్రపోయే మనిషిని లేపాలంటే జుట్టు పట్టుకుని ఈడుస్తావట్రా, పట్టభద్రా? ముందు ప్లగ్గులిప్పు" అన్నారు.

ఇంజన్ పట్టేయడమంటే ఏమిటో నాకు పుస్తకంలో తెలుసు. ఆ రోజు చేత్తో తెలిసింది. సిలిండర్ లోపల పిస్టన్ ఎక్కడ ఆగిందో అక్కడే, దాని చుట్టూ ఉండే రింగులు తుప్పుతో గోడకు అతుక్కుపోతాయి. బలం పెడితే తుప్పు విడదు, రింగు విరుగుతుంది. మేస్త్రి గారు ప్లగ్గు రంధ్రాల్లోంచి కిరోసిన్, పలుచటి నూనె కలిపి ఒక్కో సిలిండర్‌లో చంటిబిడ్డకు ఉగ్గు పోసినట్టు కొంచెం కొంచెం పోశారు. "ఇంక దాన్ని వదిలెయ్. దాని పని అది చేసుకుంటుంది" అన్నారు. రోజూ పొద్దున ఎనిమిదింటికి, డ్యూటీ మొదలవకముందు వచ్చి, ఇంకాస్త నూనె పోసి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, ఇటొకసారి అటొకసారి, తోసీ తోయనట్టు తోసి వెళ్లిపోయేవారు. మూడో రోజు లేదు. ఏడో రోజు లేదు. నేను నా సహజ ధోరణిలో, "మేస్త్రి గారూ, ఇది ఎల్లుండికి ముందు రోజుకైనా తిరుగుతుందంటారా?" అన్నాను. ఆయన హ్యాండిల్ వదల్లేదు. నా వైపు చూడలేదు. "ఇది ఇలా అవడానికి పంతొమ్మిదేళ్లు పట్టిందిరా. నాకు తొందర లేదు" అన్నారు.

పదకొండో రోజున హ్యాండిల్ గోరు మందం కదిలింది. అంతే. గోరు మందం. ఆయన వెంటనే చెయ్యి తీసేసి, ఆ స్టూలు మీద కూర్చుని, ముఖానికి తుడుపుగుడ్డ అడ్డం పెట్టుకున్నారు. గ్రీజు గుడ్డండీ అది. తీశాక ముఖమంతా నల్లగా అయింది. నేను నవ్వలేదు. నేను నవ్వని సందర్భాలు నా జీవితంలో తక్కువ, అందుకే చెబుతున్నాను. (విరామం)

ఇంకో ఇరవై రోజులకు, ట్యాంకు కడిగి, గొట్టాలు మార్చాక, ఇంజన్ స్టార్టయింది. దగ్గింది, నల్లపొగ కక్కింది, తర్వాత గొంతు సర్దుకుంది. ఆ చప్పుడుకు పెద్దాయన గారు ఆఫీసు గది తలుపు దాకా వచ్చారు. అక్కడే నిలబడి విన్నారు. ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు, లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. మేస్త్రి గారేమో ఆ తలుపు వంకే చూస్తున్నారు. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు.

అర్థమైంది వైపర్ల దగ్గర. "ఇంక వైపర్లు చూద్దామా?" అంటే మేస్త్రి గారు, "మీరు చూసుకోండి" అని వెళ్లిపోయారు. స్క్రూ ఊడిపడినా వచ్చి చూసే మనిషి! ఎలక్ట్రీషియన్ అక్క మోటారు విప్పితే లోపల గ్రీజు కొవ్వొత్తి మైనంలా గడ్డ కట్టి ఉంది. మోటారు నుంచి రెండు వైపర్లకూ వెళ్లే మెలికల తీగ దాని గొట్టంలోనే బిగుసుకుపోయింది. అక్క దాన్ని మూడు రోజులు నానబెట్టి, లాగి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టింది. ఆ తీగ కోసమే నేను డాష్‌బోర్డు కిందికి తల దూర్చాను. వెనక ఇరుక్కుని ఈ కార్డు కనపడింది. నాలుగు వరుసలు. మూడింటికి ఎదురుగా మేస్త్రి గారి సంతకం. నాలుగో వరుసలో, "వైపర్లు మధ్యలో ఆగుతున్నాయి." సంతకం ఉండాల్సిన చోట ఆయన అక్షరాలతోనే ఒక్క మాట: "రేపు."

(విరామం)

కార్డు పట్టుకుని మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. చూశారు. చెప్పారు. ఆ కారు పెద్దాయన గారిదే, ఇది పంతొమ్మిదేళ్ల కిందటి మాట. సాయంత్రం పెద్దాయన ఊరికి బయల్దేరాలి, వైపర్లు ఒక్కటే మిగిలాయి. కట్టుబాటు ప్రకారం బండి కదలకూడదు. కానీ మబ్బు తునక లేదు, పైగా కారు యజమానీ షెడ్డు యజమానీ ఒకరే. "రేపు" అని రాసి తాళం ఇచ్చారు. దారిలో వాన దొరికింది. వైపర్లు అద్దం మధ్యలో ఆగిపోయాయి. పెద్దాయన కుడిచెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, అద్దం తుడుచుకుంటూ నడిపి, రోడ్డు పక్క స్తంభాన్ని చూడలేదు, బయటున్న చెయ్యి దానికి కొట్టుకుంది. ఆయన కుడి మోచెయ్యి ఆనాటి నుంచి వంగదు. ఎడమ చేత్తో సంతకం పెట్టడం నలభై తొమ్మిదో ఏట నేర్చుకున్నారు. మళ్లీ కారు నడపలేదు, ముందు సీట్లో కూర్చోలేదు. "ఆ చేత్తో బిల్లుల మీద సంతకం పెడుతుంటే రోజూ చూశానురా. పంతొమ్మిదేళ్లలో ఒక్క మాట అన్లేదు. ఒక్కసారి తిట్టి ఉంటే ఆ మాట మళ్లీ పలికేవాణ్నేమో" అన్నారు మేస్త్రి గారు.

నేను భోజనాల దగ్గర అనుకరించి చూపించింది దీన్ని. సరే, ఆ సంగతి నా దగ్గరే ఉంచుకుంటాను.

గడియారం నాలుగూ ముప్పై నాలుగు. ఇంకో మాట చెప్పాలి, దానికి పెద్దాయన గారి అనుమతి ఉంది. కార్డు తీసుకుని ఆయన గదిలోకి కూడా వెళ్లాను. బల్ల మీద పెట్టాను. ఆయన అది చదివి ఏమన్నారంటే... ఆయన మాటల్లోనే చెబుతాను. "ఈ అక్షరాలు వాడివే గానీ, ఆ మాట నాదిరా. వాడు తాళం జేబులో వేసుకుని, బండి కదలదు, ఇంకో గంట ఆగండని నా కాళ్లకు అడ్డం పడ్డాడు. నేను విన్లేదు. యజమాని ఎవడ్రా ఇక్కడ అన్నాను. రేపు చేద్దువుగానీ, రాసివ్వు అన్నాను. వాడి జేబులోంచి తాళం నేనే లాక్కున్నాను. ఆ సంగతి వాడికి గుర్తులేదా?" గుర్తులేనట్టుందండీ అన్నాను. నాకు చెప్పినప్పుడు మేస్త్రి గారు "తాళం ఇచ్చాను" అన్నారు. "లాక్కున్నారు" అనలేదు. పెద్దాయన ఎడమచేత్తో కళ్లద్దాలు తీసి, "వాడు నన్ను తప్పుపడతాడేమోనని నేను ఆ మూలకు వెళ్లలేదు. పద్దెనిమిది సార్లు నోటిదాకా వచ్చింది. సభలో నువ్వే చెప్పు. నీకు సిగ్గు లేదు కదా" అన్నారు.

లేదండీ. చెప్పాను. (విరామం)

ఒక తప్పును ఇద్దరు పంచుకుని ఉంటే చెరి సగం బరువుండేది. వీళ్లు పంచుకోలేదు, ఎవరికి వారు మొత్తం మోశారు. అదీ ఒకే కప్పు కింద, ముప్పై అడుగుల దూరంలో, రోజూ ఒకరి సంతకం ఒకరు చూస్తూ. మేస్త్రి గారూ, ఇంజన్ పట్టేస్తే ఏం చేయాలో మాకు మీరే చూపించారు. బలం పెట్టొద్దన్నారు. నేను పెట్టను. నా చేతనైన నూనె పోశాను, అంతే. అక్క మోటారును బల్ల మీద పెట్టి నడిపి చూసింది, కారులో బిగించాక మాత్రం మేమెవరం ఆ స్విచ్ వెయ్యలేదు. నాలుగో వరుస మాది కాదు.

నా కాగితంలో ఇంకా రెండు పేజీలున్నాయి, మీ గుణగణాల గురించి... పెద్దాయన గారు లేచారు. అయ్యా, మెట్టు చూసుకోండి, పలక కదులుతుంది. అటు వెళ్తున్నారు. పెయింటరన్నా, గుడ్డ లాగు, గుడ్డ లాగు! కుర్చీలు అటు తిప్పుకోండి, తొక్కుకోకండి. వెనక వరస వాళ్లకు కనపడకపోతే నేను చెబుతూ ఉంటాను. పెద్దాయన కారు దగ్గరున్నారు. ఎడమ తలుపు తీశారు. ముందు సీట్లో కూర్చున్నారు.

మేస్త్రి గారు ఇంకా కుర్చీలోనే ఉన్నారు. అక్కయ్య గారు ఆయనతో ఏదో అంటున్నారు. "గుండీ తర్వాత పెట్టుకుందురు గానీ, ముందు లేవండి" అన్నారు. (నవ్వులు)

లేచారు.

నాలుగూ నలభై ఒకటి. కుడి తలుపు. కూర్చున్నారు. అక్కా, బకెట్టు. వాన కోసం ఆగలేం కదా. పొయ్యి, అద్దం మీద పొయ్యి, కింద నుంచి కాదు, పై నుంచి. (విరామం) వస్తున్నాయి. రెండూ వస్తున్నాయి. వెళ్లాయి. మళ్లీ వస్తున్నాయి... ఆగాయి. మధ్యలో ఆగాయి.

ఎవరూ మాట్లాడకండి.

లేదు లేదు. మేస్త్రి గారే ఆపారు. తలుపు తీసి దిగుతున్నారు. కుడివైపు రబ్బరు అంచు నీళ్లు వదిలేస్తోందట. "ఇదెవడు బిగించాడు?" అంటున్నారు. నేనేనండీ. "కాగితం దళసరిగా ఉంటే సరిపోదురా" అంటున్నారు. (నవ్వులు) సంతకం పెట్టనంటున్నారు, రబ్బరు సరిచేస్తే గానీ. మేస్త్రి గారూ, ఐదుకు పదిహేను నిమిషాలే ఉంది! వినడం లేదు. చొక్కా చేతులు మడుస్తున్నారు. ఆ ఇత్తడి పానా ఎవరైనా... అది జ్ఞాపికండీ, పనిచేసేది కాదు... తీసుకున్నారు. దాంతో కొంచెం వంచుతున్నారు. తీసుకోనన్న జ్ఞాపిక తీసుకున్నారు, అందరూ సాక్ష్యం. అక్కా, ఇంకో బకెట్టు.

(విరామం)

అద్దం శుభ్రంగా ఉంది. లోపల ఇద్దరూ కనపడుతున్నారు.

నాలుగూ యాభై రెండు. నాలుగో వరుసలో మేస్త్రి గారి సంతకం పడింది. కింద, బండి గలవారి చోట, ఎడమ చేత్తో పెద్దాయన సంతకం. వేదిక మీద చదవాల్సిన సన్మాన పత్రం నేను ఇంక చదవను. దాని కంటే చిన్నదీ దాని కంటే మంచిదీ ఇక్కడ తయారైంది.

పెద్దాయన కిటికీలోంచి అడుగుతున్నారు, కారు దిగి నిలబడ్డ మేస్త్రి గారిని. మీకు వినపడిందా? "పని లేకపోయినా వచ్చిపోతూ ఉంటావా? మళ్లీ ఎప్పుడొస్తావు?" అంటున్నారు. అందరం ఎల్లుండికి ముందు రోజు కోసం చెవులు రిక్కించాం. ఆయన గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు, వేలు వేలుకూ తుడుచుకుంటున్నారు.

"రేపు," అన్నారు.

విన్న మీ అందరికీ, విననట్టు నటిస్తూ పైట కొంగుతో కళ్లొత్తుకుంటున్న అక్కయ్య గారికీ, బకెట్టు మోసిన అక్కకూ, నా మాటలు ఇంతసేపు భరించిన పెద్దలకూ కృతజ్ఞతలు. టీ చల్లారిపోతోంది.

సెలవు.